అంటువ్యాధి కేసును ఆన్‌లైన్‌లో తెలియజేయడం ఎలా? పంపడం నుంచి చేరిందని తేలేదాకా

శుక్రవారం సాయంత్రం ఓపీ ముగిసే వేళకు ఒక తల్లి నాలుగేళ్ల కొడుకును ఎత్తుకుని వస్తుంది. మూడు రోజులుగా జ్వరం, దగ్గు, ముక్కు కారడం. కళ్లు ఎర్రబడి వెలుతురు చూడలేకపోతున్నాడు. ఉదయం చెవుల వెనుక మొదలైన ఎర్రటి దద్దుర్లు సాయంత్రానికి ముఖమంతా పాకాయి. చూడగానే మీకు తట్టు అనుమానం వస్తుంది. రక్తం తీసి ల్యాబ్‌కు పంపుతారు. ఫలితం సోమవారం గానీ రాదు. మరి ప్రజారోగ్య విభాగానికి ఎప్పుడు తెలియజేయాలి?

ఈ సాయంత్రమే. ఎందుకో వేళ్ల మీద లెక్క వేసి చూడండి. తట్టు సోకినవారు దద్దుర్లు పైకి రావడానికి నాలుగు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటిస్తారు. అంటే ఈ పిల్లవాడు సోమవారం నుంచే అంటిస్తున్నాడు. రోగనిరోధక శక్తి లేనివారు పదిమంది అతనికి దగ్గరగా మెలిగితే తొమ్మిది మంది వరకు జబ్బు పడవచ్చు. వారిని టీకాతో కాపాడాలంటే అతన్ని కలిసిన 72 గంటల్లోపు వేయాలి. టీకా వేయకూడని గర్భిణులు, మరీ చిన్న పిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్‌కు, అంటే సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల మందుకు, ఆరు రోజుల గడువు ఉంటుంది. సోమవారం అతని పక్కన కూర్చున్నవారికి టీకా గడువు నిన్ననే దాటిపోయింది. ఇమ్యునోగ్లోబ్యులిన్ గడువు ఆదివారంతో ముగుస్తుంది. ల్యాబ్ కాగితం కోసం ఆగితే అదీ చేజారుతుంది.

ఆసుపత్రిలో, క్లినిక్‌లో, ల్యాబ్‌లో ఈ బాధ్యత మోస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. నివేదికలు పంపే చోటా, అందుకునే చోటా పనిచేశాను. రెండు వైపులా నేను చూసినంతలో, తెలియజేయకూడదనుకునేవారు దాదాపు లేరు. పంపేశామని నమ్మినవి అవతలికి చేరకపోవడమే పెద్ద నష్టం. అందుకే పంపడంతో ఆగకుండా, చేరిందని తేల్చుకునేదాకా చెబుతాను.

మొదట: జాబితా, గడువు, ఫోన్ నంబరు

ఏ వ్యాధులను తెలియజేయాలో మీ ప్రాంత ప్రజారోగ్య చట్టం చెబుతుంది. ఇది నిన్నమొన్న పుట్టిన నియమం కాదు. అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో 1741లోనే సత్రాల యజమానులు తమ దగ్గర దిగినవారికి అంటువ్యాధి ఉంటే అధికారులకు చెప్పాలని చట్టం చేశారు. ఇంగ్లండ్‌లో 1889లో అంటువ్యాధుల నోటిఫికేషన్ చట్టం వచ్చింది. సత్రం యజమాని స్థానంలో ఇప్పుడు మీరున్నారు, అంతే తేడా.

తాజా జాబితా తెచ్చుకుని మూడు భాగాలుగా విడగొట్టండి: వెంటనే ఫోన్ చేయాల్సినవి, ఒకటి రెండు రోజుల్లో పంపాల్సినవి, వారానికోసారి లెక్కగా పంపాల్సినవి. ఏ వ్యాధి ఏ భాగంలోకి వస్తుందో ప్రాంతాన్ని బట్టి మారుతుంది కాబట్టి మీ ప్రాంత జాబితానే చూడండి, పాఠ్యపుస్తకాన్ని కాదు. ప్రపంచమంతటికీ ఒకటే అయిన చిన్న జాబితా మాత్రం ఒకటుంది. 2007లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం మశూచి, సహజ పోలియో వైరస్ వల్ల వచ్చే పోలియో, కొత్త ఉపరకం ఇన్‌ఫ్లుయెంజా మనిషికి సోకడం, సార్స్ అనే నాలుగింటిలో ఒక్క కేసు కనబడినా ఆ దేశం ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేయాలి. అందుకు దేశానికి ఉన్న గడువు 24 గంటలు. ఆ గొలుసులో మొదటి కొక్కెం మీ క్లినిక్కే.

ఆన్‌లైన్ వ్యవస్థ ఉంది కదా అని ఫోన్‌ను పక్కన పెట్టకండి. మెనింగోకాకల్ మెనింజైటిస్ (బ్యాక్టీరియా వల్ల వచ్చే మెదడు పొరల వాపు) కేసు వస్తే రోగితో ఒకే ఇంట్లో ఉన్నవారికి వీలైతే 24 గంటల్లోపే యాంటీబయాటిక్ అందాలి. రాత్రి పదకొండింటికి నింపిన ఫారాన్ని అవతల ఎవరైనా తెరిచేది మర్నాడు ఉదయమే కావచ్చు. ముందు ఫోన్, వెనకే ఫారం. సెలవు రోజుల్లో ఎత్తే నంబరును కూడా గోడ మీద అంటించండి. పనివేళల్లో మాత్రమే మోగే నంబరు శనివారం రాత్రి ఎందుకూ పనికిరాదు.

అనుమానం చాలు, కానీ నిర్వచనం చూడండి

ప్రతి వ్యాధికీ అనుమానిత, సంభావ్య, నిర్ధారిత అనే స్థాయిలతో కేసు నిర్వచనం ఉంటుంది. అనుమానిత స్థాయికి సాధారణంగా లక్షణాలు చాలు. తట్టు విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం జ్వరం, నీటి పొక్కులు లేని దద్దుర్లు ఉంటే చాలంటుంది, లేదా తట్టు కావచ్చని వైద్యులు భావించినా చాలంటుంది. మన పిల్లవాడు రెండు విధాలా అందులోకి వస్తాడు.

ఫారంలో "కేసు స్థాయి" దగ్గర నిజం రాయండి. అనుమానం మాత్రమే ఉంటే "అనుమానిత" అనే పెట్టాలి. నిర్ధారణ కాని కేసును పంపితే పరువు పోతుందని భయపడే వైద్యులను చూశాను. అవతల కూర్చున్నవారికి అనుమానిత కేసు కొట్టివేయడం రోజువారీ పనే, దానికి ఎవరూ ఎవరినీ తప్పుబట్టరు.

ఇంకొక సంగతి. దద్దుర్లు మొదలైన తొలి మూడు రోజుల్లో తీసిన రక్తంలో తట్టు ఐజీఎం పరీక్ష (జబ్బు కొత్తగా సోకినప్పుడు పుట్టే ప్రతిరక్షకాలను వెతికే పరీక్ష) నెగెటివ్ రావచ్చు, జబ్బు ఉన్నా సరే. కాబట్టి సోమవారం నెగెటివ్ వస్తే కేసును మీరే మూసేయకండి. ఆ ఫలితాన్ని, నమూనా తీసిన తేదీని పంపండి. మళ్లీ నమూనా తీయాలా వద్దా అన్నది వారు మీతో మాట్లాడి తేలుస్తారు.

ఏ దారిన పంపుతున్నారో తెలుసుకోండి

మూడు దారులున్నాయి. ప్రజారోగ్య విభాగం పోర్టల్‌లో లాగిన్ అయి చేత్తో ఫారం నింపడం ఒకటి. ల్యాబ్ కంప్యూటర్ నుంచి ఫలితం దానంతట అదే సందేశంగా వెళ్లడం రెండోది. ఆసుపత్రి ఎలక్ట్రానిక్ రికార్డులో వైద్యులు ఒక వ్యాధి కోడ్ పెట్టగానే కేసు వివరాలు వాటంతట అవే వెళ్లడం మూడోది.

చిన్న క్లినిక్‌కు చేత్తో నింపే పోర్టలే మేలని నా అభిప్రాయం. నెలకు రెండు మూడు కేసులకు ఆటోమేటిక్ వ్యవస్థ పెట్టి, దాన్ని చూసుకునే మనిషి లేకపోతే అది ఎప్పుడు ఆగిందో కూడా ఎవరికీ తెలియదు. రోజూ వందల పరీక్షలు చేసే ల్యాబ్‌కు మాత్రం ఆటోమేటిక్ సందేశాలే దారి. చేత్తో ఎక్కించే చోట అలసట వస్తుంది, అలసట వచ్చిన చోట కేసులు జారిపోతాయి.

ల్యాబ్ నుంచి వెళ్లినా వైద్యుల బాధ్యత తీరదు. ల్యాబ్‌కు తెలిసేది నమూనా, ఫలితం. జ్వరం ఏ రోజు మొదలైందో, పిల్లవాడు ఏ బడికి వెళ్తాడో, ఇంట్లో గర్భిణి ఉందో లేదో ల్యాబ్‌కు తెలియదు. చాలా చోట్ల చట్టం ఇద్దరినీ విడివిడిగా తెలియజేయమనేది ఇందుకే. ఒకే కేసు రెండుసార్లు వెళ్తుందని సంకోచించకండి. రెండింటినీ కలిపే పని అందుకునేవారిది.

ఫారం నింపేటప్పుడు

ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. ముందు తేదీలు. ఒకే కేసులో లక్షణాలు మొదలైన తేదీ, నమూనా తీసిన తేదీ, ఫలితం వచ్చిన తేదీ, నివేదిక పంపిన తేదీ అని కనీసం నాలుగు ఉంటాయి. తొందరలో నాలుగు గడుల్లోనూ ఈ రోజు తేదీనే కొట్టేయడం అందరూ చేసే తప్పు. అందుకునేవారికి అన్నిటికంటే ముఖ్యం మొదటిది. రోగి ఎవరి దగ్గర తెచ్చుకున్నాడు, ఎవరికి అంటించి ఉంటాడు అన్న లెక్కంతా దాని మీదే నడుస్తుంది. తట్టుకైతే జ్వరం మొదలైన తేదీతో పాటు దద్దుర్లు మొదలైన తేదీ వేరుగా కావాలి. తల్లికి తేదీ గుర్తుండకపోవచ్చు. "బడికి చివరిసారి ఎప్పుడు వెళ్లాడు? ఆ రోజు ఒళ్లు వెచ్చగా ఉందా?" అని అడిగితే చెప్పగలుగుతుంది.

తేదీ రాసే తీరులోనూ ప్రమాదం ఉంది. 03/04/2025 అంటే ఏప్రిల్ 3 అని కొందరికి, మార్చి 4 అని మరికొందరికి. ఫైలుగా పంపేటట్లయితే సంవత్సరం, నెల, రోజు వరుసలో 2025-04-03 అని రాయండి. అంతర్జాతీయ ప్రమాణం కూడా అదే.

చిరునామా దగ్గర గుర్తింపు కార్డులో ఉన్నది కాకుండా జబ్బు పడినప్పుడు ఎక్కడ ఉన్నారో అది రాయండి. కార్డు ఒక ఊరిది, మనిషి మరో ఊరిలో పనికి వచ్చి ఉండవచ్చు. డెంగీ కేసుకు కార్డు చిరునామా పెడితే దోమల మందు చల్లే బృందం ఒక వైపు, దోమలు మరో వైపు ఉంటాయి. ఫోన్ నంబరును మీరే ఒకసారి రింగ్ చేసి చూడండి. పది సెకన్ల పని. ఆ నంబరు తప్పయితే క్షేత్ర సిబ్బంది రోజంతా ఇల్లు వెతుక్కుంటూ తిరగాలి.

వృత్తి గడిని ఖాళీగా వదిలేసేవారు ఎక్కువ. టైఫాయిడ్ రోగి హోటల్లో వంటమనిషి అయితే ఆ ఒక్క మాటతో కేసు స్వరూపమే మారిపోతుంది, ఎందుకంటే లక్షణాలు తగ్గిన తర్వాత కూడా కొందరు ఆ క్రిమిని మలంలో వదులుతూనే ఉంటారు. పిల్లలైతే బడి పేరు, తరగతి. వైద్య సిబ్బంది అయితే ఏ వార్డు.

టీకా వివరం తెలియకపోతే "తెలియదు" అనే పెట్టండి. "వేయించలేదు" వేరు, "తెలియదు" వేరు, ఖాళీ వేరు. ఈ మూడూ కలిసిపోతే టీకా పనిచేస్తోందో లేదో తేల్చే లెక్కే తప్పుతుంది.

ల్యాబ్‌లకు: కోడ్‌ల సంగతి

మీ కంప్యూటర్‌లో పరీక్షకు మీరు పెట్టుకున్న సంక్షిప్త నామం అవతలి కంప్యూటర్‌కు అర్థం కాదు. అందుకే పరీక్ష పేరుకు లోయింక్, క్రిమి పేరుకు, ఫలితానికి స్నోమెడ్, వ్యాధి నిర్ధారణకు ఐసీడీ అనే ఉమ్మడి కోడ్‌లు వాడతారు. సందేశం రూపానికి చాలా చోట్ల హెచ్‌ఎల్7 ప్రమాణం వాడుకలో ఉంది. వీటిని మీరు కంఠస్థం చేయనక్కరలేదు. మీ పరీక్షలకు ఎదురుగా ఉమ్మడి కోడ్ రాసిన పట్టిక ఒకటి ఉండాలి, దానికి బాధ్యత వహించే మనిషి ఒకరు ఉండాలి.

పట్టిక తప్పితే ఏమవుతుందో చూడండి. హెపటైటిస్ బి సర్ఫేస్ యాంటిజెన్ పాజిటివ్ అంటే ఆ మనిషికి ఇన్ఫెక్షన్ ఉంది. సర్ఫేస్ యాంటీబాడీ పాజిటివ్ అంటే టీకా వల్లనో, పాత జబ్బు తగ్గడం వల్లనో రక్షణ ఉంది. పేర్లలో తేడా ఒక్క మాట. పట్టికలో ఈ రెండూ తారుమారైతే టీకా వేయించుకున్న నర్సు రోగుల జాబితాలోకి ఎక్కుతుంది, అసలు రోగి ఎవరికీ కనిపించకుండా పోతాడు. కాబట్టి పట్టికను కంప్యూటర్ నిపుణులు ఒక్కరే కూర్చుని తయారు చేయకూడదు. పరీక్ష చేసే టెక్నీషియన్ పక్కన ఉండి ప్రతి వరుసనూ చదవాలి.

కోడ్‌లు కూడా మారుతుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10లో డెంగీ ఒకప్పుడు ఎ90, ఎ91 కింద ఉండేది, తర్వాత ఎ97 కిందికి మార్చారు. మీరు పాత కూర్పు, అవతలివారు కొత్త కూర్పు వాడుతుంటే కేసులు దారి తప్పుతాయి. ఏ కూర్పు వాడాలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

నేను అందుకునే వైపు ఉన్నప్పుడు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. ఒక ల్యాబ్ నుంచి వచ్చే ఒక వ్యాధి కేసులు ఉన్నట్టుండి తగ్గాయి. గ్రాఫులో గీత కిందికి దిగింది. వ్యాధి తగ్గుముఖం పట్టిందనుకుని సంతోషించాం. కొన్ని వారాల తర్వాత అక్కడి వైద్యురాలు వేరే పని మీద ఫోన్ చేసి, "మా వార్డు నిండిపోయింది, మీ వాళ్లెవరూ రాలేదేమిటి?" అని అడిగారు. ల్యాబ్‌లో కొత్త యంత్రం పెట్టి, పరీక్షకు కొత్త కోడ్ ఇచ్చారు. పట్టికలో ఆ కోడ్ చేర్చలేదు. సందేశాలు పంపే ప్రోగ్రామ్ తనకు తెలియని కోడ్‌ను పట్టించుకోకుండా వదిలేసింది. ఎక్కడా ఎర్ర దీపం వెలగలేదు. ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవిలో ఉంది. అందుకే చెబుతున్నాను: కొత్త కిట్, కొత్త యంత్రం, సాఫ్ట్‌వేర్ మార్పు, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే ఒక పరీక్షా సందేశం పంపి, చేరిందని అవతలివారి నోటితో చెప్పించుకోండి.

పంపిన తర్వాత: రసీదు, లెక్క, సున్నా

పోర్టల్‌లో "సమర్పించు" నొక్కగానే కేసు నంబరు వస్తుంది. రాకపోతే కేసు వెళ్లనట్టే. ఆ నంబరును రోగి రికార్డులో రాయండి. ఆటోమేటిక్ సందేశాలకు అవతలి నుంచి జవాబు వస్తుంది. హెచ్‌ఎల్7లో ఏఏ అంటే స్వీకరించాం, ఏఈ అంటే లోపం ఉంది, ఏఆర్ అంటే తిరస్కరించాం. ఏఈ, ఏఆర్ వచ్చినవి ఒక వరుసలో పేరుకుంటాయి. ఆ వరుసను రోజూ ఉదయం తెరిచి చూసే మనిషి పేరు డ్యూటీ పట్టికలో ఉండాలి. ఆ మనిషి సెలవు పెడితే చూసే రెండో పేరు కూడా ఉండాలి.

రసీదులు చూస్తే సరిపోదు, లెక్క కూడా సరిచూడాలి. 2020లో ఇంగ్లండ్‌లో జరిగినది ఈ పని చేసే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. ల్యాబ్‌ల నుంచి వచ్చిన కోవిడ్ ఫలితాలను అక్కడి అప్పటి ప్రజారోగ్య సంస్థ పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ పాత రకం ఎక్సెల్ ఫైలులోకి ఎక్కించేది. ఆ రకం ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. ఒక్కో కేసుకు అనేక వరుసలు పట్టడంతో ఫైలు నిండిపోయింది, మిగిలినవి చప్పుడు లేకుండా బయటే ఉండిపోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 వరకు 15,841 కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. ఆ రోగులకు తమ ఫలితం అందింది. కానీ వారితో మెలిగినవారిని వెతికే బృందాలకు పేర్లు ఆలస్యంగా చేరాయి.

దాన్ని ముందే పట్టుకునే పద్ధతి చాలా చిన్నది. వారానికి ఒకసారి మీ ల్యాబ్ రిజిస్టర్‌లో తెలియజేయాల్సిన వ్యాధుల పాజిటివ్‌లు ఎన్నో లెక్కపెట్టండి. అదే వారం మీ నుంచి ఎన్ని అందాయని అవతలివారిని అడగండి. ఇక్కడ పన్నెండు, అక్కడ పదకొండు ఉంటే ఆ ఒక్కటి ఎవరో దొరికేవరకు వదలకండి. వారం ఏ రోజు మొదలవుతుందో ముందే మాట్లాడుకోండి. కొన్ని వ్యవస్థలు ఆదివారం నుంచి లెక్కిస్తాయి, కొన్ని సోమవారం నుంచి.

ఒక్క కేసూ లేని వారంలో కూడా నివేదిక పంపమని అడుగుతారు. దాన్ని జీరో రిపోర్ట్ అంటారు. అర్థం లేని పని అని విసుక్కోకండి. మీ నుంచి ఏమీ రాకపోతే, అక్కడ కూర్చున్నవారికి వ్యాధి లేదని తెలుస్తుందా, మీ ఇంటర్నెట్ లేదని తెలుస్తుందా? "చూశాం, ఒక్కటీ లేదు" అని మీరు పంపే సున్నాతోనే ఆ సంగతి తేలుతుంది.

సర్వర్ పనిచేయకపోతే

ఫోన్‌లో చెప్పి, కాగితం ఫారంలో రాసి, ఫోన్ ఎత్తినవారి పేరు, సమయం దాని మీద వేయండి. సర్వర్ వచ్చాక అదే రోజు ఎక్కించండి. ఖాళీ ఫారాలు ఎప్పుడూ పది ముద్రించి ఉంచుకోండి.

రోగి గోప్యత

చట్టం ప్రకారం తెలియజేయాల్సిన వ్యాధికి చాలా దేశాల్లో రోగి అనుమతి అవసరం లేదు. అయినా రోగికి చెప్పండి. "ఆరోగ్య విభాగం నుంచి మీకు ఫోన్ వస్తుంది, మీ ఇంట్లోవారిని కాపాడటానికే" అని మీరు ముందే ఒక మాట అంటే, ఆ ఫోన్ వచ్చినప్పుడు వారు బెదిరిపోరు, ఇంటికి వచ్చినవారికి తలుపు తీస్తారు. అనుమతి అక్కరలేదంటే అన్నీ పంపవచ్చని కాదు. ఫారం అడిగినంతే పంపాలి, రోగి ఫైలంతా స్కాన్ చేసి జతపరచకూడదు. హెచ్‌ఐవీ వంటి వాటికి చాలా చోట్ల ప్రత్యేక పద్ధతి ఉంటుంది, దాన్నే పాటించండి. లాగిన్ ఎవరిది వారికే ఉండాలి. ఒకే పాస్‌వర్డ్‌ను కాగితం ముక్క మీద రాసి కంప్యూటర్‌కు అంటించి ఆరుగురు వాడే చోట, ఎవరు ఏం చూశారో ఎవరూ చెప్పలేరు. రోగి పేరున్న ఫలితాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఎంత తొందరలోనైనా తప్పే. తన జబ్బు వీధికెక్కిందని తెలిసిన రోగి మరోసారి డాక్టర్ గడప తొక్కడు.

ఫలితం వచ్చాక

సోమవారం ఉదయం ల్యాబ్ నుంచి పిల్లవాడి ఫలితం వస్తుంది: తట్టు ఐజీఎం పాజిటివ్. కొత్త ఫారం తెరవకండి. శుక్రవారం వచ్చిన కేసు నంబరుతో పాత ఫారాన్నే తెరవండి. స్థాయిని "అనుమానిత" నుంచి "నిర్ధారిత"కు మార్చి, ఫలితం తేదీ రాయండి. శుక్రవారం అడిగిన నాలుగు తేదీల్లో ఇదొక్కటే మిగిలి ఉంటుంది. ల్యాబ్ ముందు పంపిన ఫలితాన్ని తర్వాత సరిదిద్దితే, పాతదాన్ని చెరిపేయకుండా అదే నమూనా నంబరుతో "సవరించిన ఫలితం" అని గుర్తు పెట్టి పంపాలి. వేరే నంబరుతో పంపితే ఒక పిల్లవాడు ఇద్దరవుతాడు.

పిల్లవాడు ఆసుపత్రిలో చేరినా, కోలుకున్నా, మరణించినా ఆ వివరం కూడా ఇదే ఫారంలోకి రావాలి. కొత్తగా తెలిసినది ఏదైనా ఉంటే అదీ చేర్చండి. ఈ తల్లికి శనివారం గుర్తొచ్చింది: బుధవారం పిల్లవాడిని తీసుకుని పక్కింట్లో నెలలు నిండిన ఆమెను చూడటానికి వెళ్లారట. ఇమ్యునోగ్లోబ్యులిన్‌కు ఆమెకు మంగళవారం వరకు గడువుంది. ముందు ఫోన్ చేయండి, తర్వాత ఫారంలో రాయండి.